జయప్రకాశ్ రెడ్డి గారి గొంతుకు మన సీమవాళ్లం ఎందుకు నవ్వుతున్నాము?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాల వార్షికోత్సవానికి ఒక హాస్య నాటిక తయారుచేయిస్తున్నాను. అందులో ఊరిపెద్ద వేషం వేస్తున్న కుర్రవాడు ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ఆ పాత్రను మొదటి మాట నుంచి చివరి మాట దాకా జయప్రకాశ్ రెడ్డి గారి గొంతుతోనే పలుకుతానని పట్టుబడుతున్నాడు, అచ్చం ఆయన గొంతునే దించేస్తున్నాడు కూడా. అయితే రిహార్సల్‌లో ఒక సంగతి నా దృష్టికి వచ్చింది. అతడు నోరు తెరవగానే తోటి విద్యార్థులు విరగబడి నవ్వుతున్నారు గానీ, నాలుగైదు మాటలు గడిచేసరికి ఆ నవ్వు సన్నగిల్లి, నాటిక సగానికి వచ్చేటప్పటికి ఎవరి ఫోను వారు చూసుకుంటున్నారు.

ఆయన మన ప్రాంతపు మనిషి. 1946లో సిరివెళ్లలో పుట్టారు, అప్పటికది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ నాటకాలాడి, 1988లో తెరకు వచ్చి, 1997లో ‘ప్రేమించుకుందాం రా’తోనూ 1999లో ‘సమరసింహారెడ్డి’తోనూ సీమ ప్రతినాయకుడంటే ఈయనే అనిపించుకుని, ఆ తర్వాత అదే గొంతుతో హాస్యపాత్రలకు మళ్లి, 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశారు. కోస్తాలోనో హైదరాబాదులోనో ఆ గొంతుకు నవ్వినవారు యాసకు నవ్వారని అనుకోవచ్చు. అదే యాసను పొద్దున లేచింది మొదలు ఇంట్లోనూ బజారులోనూ వినే మనం దేనికి నవ్వుతున్నామన్నదే నా ప్రశ్న. కుర్రవాడికి ఏమి చెప్పాలో మీ అభిప్రాయాలను బట్టి నిర్ణయించుకుందామని అడుగుతున్నాను.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

హంద్రీ ఒడ్డు గారూ, ఆయన హాస్యానికి పెట్టుబడి భయమని నా నమ్మకం. ఆయన ముందు మనల్ని భయపెట్టారు. ఆ రోజుల్లో హాల్లో ఆయన మాట వినిపిస్తే, ఇంకా మనిషి తెరమీదికి రాకముందే, ఎవరి ప్రాణం మీదికి వచ్చిందోనని జనం ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. కొన్నేళ్ల తర్వాత అదే గొంతు ఇంట్లో కోడలికో, తాగివచ్చిన బావమరిదికో, బాకీ అడగడానికి వచ్చినవాడికో జంకుతూ మాట్లాడుతుంటే, మన చెవిలో మిగిలి ఉన్న పాత భయం ఒక్కసారిగా విడిపోయి నవ్వుగా మారింది. గొంతు మారలేదు, మాట తీరు మారలేదు, ఎదుట నిలబడ్డ మనిషి మారాడు. మీ విద్యార్థి ఆ గొంతును దించగలడు గానీ దాని వెనుక ఉన్న పాతికేళ్ల భయాన్ని దించలేడు. అందుకే నాలుగు మాటలకే సరుకు అయిపోతోంది.

మడకశిర మాస్టారమ్మ

పెన్నా తీరం గారి మాట వినసొంపుగా ఉంది గానీ, నా తరగతి పిల్లల విషయంలో అది పొసగదు. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఆ ఫ్యాక్షన్ చిత్రాలు వచ్చిన కాలానికి పుట్టనైనా లేదు. ఆయన ప్రతినాయకుడిగా చేశారన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్లకు తెలిసినదల్లా టీవీలో వచ్చే కామెడీ ముక్కలూ, ఫోనులో వచ్చే రీల్సూ మాత్రమే. అయినా ఆ గొంతు వినగానే కిందపడి నవ్వుతారు. భయమే పెట్టుబడి అయితే, భయపడనివాళ్లకు ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

నాకు తోచినది ఏమిటంటే, ఆయన గొంతులోనే రెండు ఎత్తులు ఉన్నాయి. మాటను పైనుంచి, పిడుగు పడ్డట్టు మొదలుపెడతారు. వాక్యం నడుమ ఒకచోట ఆగుతారు. ఆగి, చివరి మాటను దాదాపు గుసగుసలాగా, పక్కవాడికి మాత్రమే చెబుతున్నట్టు, అచ్చును కొంచెం సాగదీసి వదులుతారు. ఆ పైనుంచి కిందికి దిగడంలోనే ఒక మనిషి తన పెద్దరికాన్ని తానే మోయలేక దించుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఇది పిల్లలకు కూడా అందుతుంది. మీ కుర్రవాడు పిడుగు భాగాన్ని మాత్రమే నేర్చుకుని, ఆ దిగే భాగాన్ని వదిలేశాడేమో ఒకసారి గమనించండి.

గుత్తి కోట కింద

నేను వేరే వైపు నుంచి మాట్లాడాలి, ఎవరూ అన్యథా భావించవద్దు. ఇంటర్ తర్వాత చదువుకోసం కోస్తాలోని ఒక కళాశాలలో చేరాను. మొదటి వారం తరగతిలో లేచి అధ్యాపకుడి ప్రశ్నకు సమాధానం చెబితే గదంతా నవ్వింది. సమాధానం సరైనదే. ఆ తర్వాత హాస్టల్లో ఎవరు కలిసినా ‘ఒకసారి జయప్రకాశ్ రెడ్డిలాగా మాట్లాడు’ అనేవారు. నేను ఆయనలాగా మాట్లాడడం లేదనీ, మా అమ్మలాగా మాట్లాడుతున్నాననీ చెప్పినా వాళ్లకు పట్టేది కాదు. ఏడాది తిరిగేసరికి నా మాట మార్చుకున్నాను. సెలవులకు ఊరికి వస్తే మా అవ్వ ‘ఏంది నాయనా, యాడనో పరాయోళ్ల మాదిరి మాట్లాడతాండావు’ అని బాధపడింది.

కాబట్టి ఆ గొంతు నవ్విస్తుందా లేదా అన్న ప్రశ్నతోపాటు ఎవరి ఖర్చు మీద నవ్విస్తుందన్న ప్రశ్న కూడా నాకు ముఖ్యం. పైగా తెరమీద వినిపించే ‘సీమ యాస’ అనే ఒకే ముద్ద నిజానికి ఎక్కడా లేదు. ఆదోని, ఆలూరు వైపు కన్నడం కలిసిన పలుకు వేరు. హిందూపురం, మడకశిరల తీరు వేరు. కడప, పులివెందుల మాట వేరు, నంద్యాల వైపు మాట వేరు. చిత్రాలు వీటన్నిటినీ కలిపి ఒక్క కేకగా చేశాయి, జనం ఆ కేకను మన భాష అనుకున్నారు.

కోటిలింగం (కడప)

నాకు మాత్రం ఆ గొంతు వినపడగానే నవ్వు వస్తుంది. కారణం వెతకాలని ఎన్నడూ అనిపించలేదు.

పరిషత్తు పాతకాపు (అనంతపురం)

గుత్తి తమ్ముడి బాధ నాకు అర్థమైంది, ఆ మాట మీదికి మళ్లీ వస్తాను. ముందు గొంతు గురించి రంగస్థలం వైపు నుంచి నాలుగు మాటలు చెప్పనివ్వండి.

మన సీమకు గొంతు విద్య కొత్త కాదు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారి కాలం నుంచి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన సురభి నాటకాల కాలం నుంచి, మైకు లేకుండా చివరి వరుసలో చాప మీద కూర్చున్న ముసలివాడికి కూడా మాట చేరవేయడమే నటుడికి మొదటి పరీక్ష. జయప్రకాశ్ రెడ్డి గారు ఆ బడి నుంచి వచ్చినవారు. ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని ఒక్కరే వేదికమీద నిలబడి నడిపించారు. ఎదుట మరో నటుడు లేనప్పుడు ప్రేక్షకుణ్ణి కట్టిపడేయడానికి గొంతు తప్ప వేరే ఆధారం ఉండదు. ఒకే గొంతును ఎన్ని విధాలుగా తిప్పితే జనం విసుగు చెందరో అక్కడ నేర్చుకున్న మనిషి కనుకనే, సినిమాలో రెండు నిమిషాల సన్నివేశం ఇచ్చినా దానిని నింపగలిగారు.

ఇక ముద్రపడిన గొంతుల సంగతి. నెల్లూరు మనిషి రమణారెడ్డి గారు తన ఊరి యాసతోనే, ఆ బక్కపలుచని శరీరంతోనే రాష్ట్రమంతా నవ్వించారు. అల్లు రామలింగయ్య గారి ‘అప్పుం అప్పుం’కు అర్థం ఎవరూ అడగలేదు. సుత్తి వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసి, 1982లో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’ తర్వాత ఇంటిపేరే మార్చుకున్నంత పని చేశారు. వీటన్నిటికంటే ఎక్కువగా మనం గుర్తుంచుకోవలసినవారు పద్మనాభం గారు. 1931లో కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన ఆయన దశాబ్దాలపాటు తెలుగువారందరినీ నవ్వించారు, అదీ సీమ యాసను తన హాస్యానికి ఆధారం చేసుకోకుండానే. ఆయన గొంతు వింటే చాలు, ఎవరో చెప్పగలం, కానీ ఏ ఊరివారో చెప్పలేం. కనుక గొంతు ముద్ర వేరు, ఊరి ముద్ర వేరు. జయప్రకాశ్ రెడ్డి గారిలో ఆ రెండూ ఒకచోట కలిశాయి, అందువల్ల ఏది నవ్విస్తోందో విడదీయడం మనకు కష్టంగా ఉంది.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

పాతకాపు గారూ, పద్మనాభం గారి ఉదాహరణ చాలా విలువైనది. అయితే ఆయన కాలానికి తెరమీద అందరూ దాదాపు ఒకే రకం తెలుగు మాట్లాడేవారు, యాస అన్నది నౌకరు పాత్రలకో పల్లెటూరి పాత్రలకో మాత్రమే దక్కేది. ఆ రోజుల్లో ఆయన సింహాద్రిపురం మాటను తెరమీదికి తెచ్చి ఉంటే ఆయనకు ఎటువంటి వేషాలు వచ్చి ఉండేవో ఆలోచించండి. ఇష్టపడి వదిలేశారా, వదలక తప్పలేదా అన్నది వేరే చర్చ.

రాత్రి బండి

నేను కర్నూలు నుంచి తరచుగా రాత్రి బస్సుల్లో తిరిగేవాణ్ణి. వీడియో బస్సులు నడిచే రోజుల్లో వెనక సీటు దొరికితే తెర కనపడేది కాదు, ముందువాళ్ల తలలే కనపడేవి. సినిమాను చెవులతోనే చూడాలి. జయప్రకాశ్ రెడ్డి గారి కామెడీ సన్నివేశం వస్తే వెనక కూర్చున్న మేము ఎక్కడ నవ్వుతున్నామో నేను శ్రద్ధగా గమనించేవాణ్ణి. ఆయన గొంతు మొదలైనప్పుడు అందరి ముఖాల్లో ఒక చిరునవ్వు మాత్రమే వచ్చేది, తెలిసిన చుట్టం ఇంటికి వచ్చినప్పుడు వచ్చే చిరునవ్వు అది. అసలు నవ్వు ఎప్పుడూ ఎదుటి పాత్ర ఒక మాట అన్న తర్వాత, ఆయన సమాధానం ఇవ్వడానికి ముందు ఆగే ఆ క్షణంలో పేలేది. తెర కనపడదు, ఆయన ముఖం కనపడదు, ఆయన మాట కూడా ఇంకా రాలేదు. అయినా బస్సు బస్సంతా నవ్వేది. ఎందుకంటే ఈ మనిషి ఇప్పుడు ఏమి అనబోతున్నాడో, ఏ ఎత్తులో అనబోతున్నాడో మనకు ముందే తెలుసు.

అందుచేత గొంతు ముద్ర చేసే పని నవ్వించడం కాదనీ, నవ్వడానికి మనల్ని సిద్ధం చేయడమనీ నేను అనుకుంటున్నాను. ఆ తర్వాత సన్నివేశం నవ్వించాలి. సన్నివేశం బలహీనంగా ఉన్న సినిమాల్లో ఇదే గొంతు విని ఆ వెనక సీట్లలోనే జనం నిద్రపోయారు, అది కూడా కళ్లారా చూశాను.

మిమిక్రీ నేర్చుకుంటున్నవాణ్ణి (నంద్యాల)

రాత్రి బండి అన్న చెప్పినది వేదికమీద నా అనుభవంతో సరిపోతుంది. పెళ్లిళ్లలోనూ కళాశాలల్లోనూ నేను గొంతులు దించుతాను. ఒక గొంతును సరిగ్గా పట్టుకుంటే వచ్చేవి చప్పట్లు. జనం ‘భలే పట్టినాడే’ అంటారు. అది మెచ్చుకోలు, నవ్వు కాదు. నవ్వు కావాలంటే ఆ గొంతును అది ఎన్నడూ పోని చోటికి తీసుకుపోవాలి. జయప్రకాశ్ రెడ్డి గారి గొంతుతో సవాలు విసిరితే చప్పట్లు వస్తాయి. అదే గొంతుతో, అదే కోపంతో, ఎల్‌కేజీ పిల్లవాడి డైరీ మీద టీచరమ్మ రాసిన ఫిర్యాదు చదివితే నవ్వు వస్తుంది. ఆ నవ్వు కూడా రెండు మూడు నిమిషాలకు మించి నిలవదు. నాటిక మొత్తాన్ని ఒకరి గొంతు మీద నడపడం ఎంత పేరున్న మిమిక్రీ కళాకారుడికైనా సాధ్యం కాదు.

రీల్స్ వల్ల మాకు ఇంకో చిక్కు వచ్చింది. సన్నివేశం నుంచి గొంతును కోసి ఒక్క కేకను మాత్రమే అందరూ వాడుకుంటున్నారు. పిల్లలు ఆ కేకకే అలవాటుపడి, దాని ముందు వెనకలను వినే ఓపికను పోగొట్టుకుంటున్నారు. మాస్టారమ్మ గారి విద్యార్థులు నవ్వేది బహుశా ఆ కేకకే.

మడకశిర మాస్టారమ్మ

ఈ విషయాన్ని మా పిల్లల దగ్గరే పరీక్షించాను. ఫోనులో ఆయన సన్నివేశం ఒకటి తెర కనపడకుండా, మొదటి నుంచి చివరి వరకు వినిపించాను. కేక దగ్గర నవ్వారు, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా, ఆయన గొంతు తగ్గించి బతిమాలుకునే చోట నవ్వారు. ఆ చోటు ఏ రీలులోనూ రాలేదు, వాళ్లు దానిని మొదటిసారి వింటున్నారు. పిల్లల చెవి అంత చెడిపోలేదని నాకు సంతోషం కలిగింది. ఒక పాప లేచి ‘మా తాత కూడా అవ్వతో ఇట్లనే మాట్లాడతాడు మేడం’ అన్నది. దానికి తరగతి మళ్లీ నవ్వింది, ఈసారి ఎవరినీ వెక్కిరించే నవ్వు కాదు.

ధర్మవరం నేత

మాకు దగ్గరలో నిమ్మలకుంట అనే ఊరు ఉంది. తోలుబొమ్మల కళాకారుల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మలాట చూసి పెరిగిన మాకు ఈ చర్చ కొత్త కాదు. రాముడూ రావణుడూ పద్యాల్లో వాదించుకుంటున్నంతసేపు పిల్లలు కునుకుతుంటారు. ఇంతలో తెర వెనక నుంచి నవ్వించే బొమ్మ కేతిగాడి గొంతు వస్తుంది. బొమ్మ ఇంకా తెరమీదికి రాదు, దీపం వెలుగులో నీడ కూడా పడదు, గొంతు ఒక్కటే వస్తుంది. పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు. తర్వాత బంగారక్క వస్తుంది, జుట్టుపోలిగాడు వస్తాడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గొంతు. రాముడికి పద్యం పాడిన మనిషే వెంటనే గొంతు మార్చి కేతిగాడై బూతుకు ఆమడ దూరంలో ఒక మాట అంటాడు.

అయితే లేచి కూర్చున్న జనాన్ని మళ్లీ పడుకోకుండా ఉంచేది ఆ గొంతు కాదు. ఆ ఊరి సంగతి ఏదో ఒకటి కేతిగాడి నోట రావాలి. బోరులో నీళ్లు పడని సంగతో, రేషన్ డీలరు తూకం సంగతో, ఎవరి ఇంటి పెళ్లి సంగతో వస్తే నవ్వులు ఆగవు. అటువంటిదేమీ లేకుండా వట్టి గొంతుతో కాలం గడుపుదామనుకుంటే జనం చాప చుట్టుకుని ఇంటిదారి పడతారు. హంద్రీ ఒడ్డు గారి రిహార్సల్‌లో జరుగుతున్నదీ అదే.

గుత్తి కోట కింద

మాస్టారమ్మ గారి తరగతిలోని పాప మాట నన్ను కదిలించింది. మా తాత కూడా ఇట్లనే మాట్లాడతాడని ఆ పాప గర్వంగా చెప్పగలిగింది. హాస్టల్లో నాకు దొరకనిది అదే. ఆ గొంతు పలికిన మనిషి మనవాడు, ఆ మాటను బయటి నుంచి పోగుచేసుకున్నవాడు కాదు, అందుకే అందులో వెక్కిరింత వినిపించదని ఒప్పుకుంటాను. యాసను పేరుకు మాత్రమే పట్టుకుని ప్రతి వాక్యం చివర దీర్ఘం తీసే నటులు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట వింటే మన ఊళ్లలో ఎవరికీ నవ్వు రాదు, చిరాకు వస్తుంది. అయినా నా మొదటి ప్రశ్నను వెనక్కి తీసుకోను. నటుడి తప్పు లేకపోయినా, ఆయన గొంతును మోసుకుపోయి నాబోటివాడి ముఖం మీద విసిరేవాళ్లు ఉన్నంతకాలం ఆ నవ్వును నేను పూర్తిగా నవ్వలేను.

పరిషత్తు పాతకాపు (అనంతపురం)

నవ్వవలసిన అవసరం లేదు తమ్ముడూ. నీ మాటను మళ్లీ తెచ్చుకో, అది చాలు. నీవు మీ అమ్మలాగా మాట్లాడే గొంతును నేను వేదికమీద వినాలనుకుంటున్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. మీరందరూ రాసినవి కుర్రవాడికి చదివి వినిపించాను. గుత్తి గారి మాటలు విన్నప్పుడు అతడు చాలాసేపు మాట్లాడలేదు. హాస్టల్లో తనకూ ఇటువంటిదే జరుగుతున్నదనీ, ఎలాగూ అందరూ నవ్వుతారు కనుక ఆ గొంతును ముందుగా తానే పట్టుకుంటే గౌరవమైనా దక్కుతుందని అనుకున్నాననీ అప్పుడు చెప్పాడు. ఈ సంగతి నాకు తెలియదు.

నిన్న రిహార్సల్‌లో ఊరిపెద్ద పాత్రను ఆలూరు మాటలోనే, తన సొంత గొంతుతో చెప్పించాను. కన్నడం కలిసిన ఆ పలుకు మొదట్లో ఎవరినీ నవ్వించలేదు. మొదటి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా గడిచాయి, కుర్రవాడు కంగారుపడి నావైపు చూశాడు. తర్వాత పంచాయతీ సన్నివేశంలో, ఊరంతటికీ తీర్పు చెప్పే పెద్దమనిషి ఇంటి తలుపు గొళ్లెం పడిపోయి భార్యను బతిమాలే చోట, గొంతు దించి పలికినప్పుడు వెనక వరుస నుంచి నవ్వు మొదలైంది. మిమిక్రీ తమ్ముడి సలహా ప్రకారం జయప్రకాశ్ రెడ్డి గారి గొంతును ఒక్కచోట, పెద్దమనిషి అద్దం ముందు నిలబడి తనను తాను ధైర్యపరచుకునే రెండు వాక్యాలకు మాత్రమే ఉంచాము. ఆ రెండు వాక్యాలకు చప్పట్లూ వచ్చాయి, నవ్వూ వచ్చింది.

ఒక సందేహం మిగిలింది. అద్దం సన్నివేశం మొదట్లో ఉండాలా, చివరికి పోవాలా?

మిమిక్రీ నేర్చుకుంటున్నవాణ్ణి (నంద్యాల)

మొదట్లో పెట్టవద్దు. ఆ గొంతు ఒకసారి వినిపిస్తే, జనం మిగతా నాటిక అంతా దానికోసమే ఎదురుచూస్తారు, కుర్రవాడి సొంత గొంతు చిన్నదైపోతుంది.

ధర్మవరం నేత

పంచాయతీ అయిన తర్వాత, గొళ్లెం సన్నివేశానికి ముందు పెట్టండి. ధైర్యం చెప్పుకుని బయలుదేరిన మనిషే తలుపు దగ్గర గొంతు దించితే రెండు సన్నివేశాలూ ఒకదానికొకటి పనికివస్తాయి. ఇంకొక మాట, అద్దం దగ్గర అతణ్ణి జనానికి వీపు చూపించి నిలబడమనండి. ముఖం కనపడకుండా గొంతు ఒక్కటే రావాలి.